గెలుపునకు విలువ కట్టుట ఎట్లు?

ఆటల పోటీలు ముగిసిన సాయంకాలము నోటీసు బోర్డు ముందు సాగే వాదము మన విద్యార్థులకు సుపరిచితమే. "మేమూ రెండు గెలిచాము, వారూ రెండే గెలిచారు. షీల్డు వారికెందుకు?" అని ఒకరు. "మీరు గెలిచినది ఎవరి మీద?" అని మరొకరు. ఈ రెండవ ప్రశ్న వెటకారముగా పుట్టినదే కావచ్చును. అయినను అందులో చక్కని గణిత సమస్య ఒకటి దాగి ఉన్నది. బి.ఎస్సీ. తరగతిలో మాత్రికలు చదువుతూ "ఇవి ఎందుకు పనికివచ్చును?" అని మమ్ములను అడిగే విద్యార్థులకు అదే మా సమాధానము.

కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థులు పాల్గొన్న ఒక వాలీబాల్ పోటీలో తుఫాను వానలకు మైదానము చెరువై కొన్ని ఆటలు జరుగనే లేదు. నిర్వాహకులు జరిగిన ఆటలలోని గెలుపులను మాత్రమే లెక్కించి పై పోటీలకు జట్టును ఎంపిక చేశారు. గట్టివారితో తలపడిన మా పిల్లలు ఇంటికి వచ్చారు, బలహీనులతోనే ఆడినవారు రైలెక్కారు. ఎవరిలోనూ దురుద్దేశము లేదు. లోపము లెక్కలోనే ఉన్నది.

ఈ చిక్కు పెద్ద వేదికలకును తప్పలేదు. గుడివాడలో జన్మించిన మన కోనేరు హంపి 2019 డిసెంబరులో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ పోటీలో 12 రౌండ్లకు 9 పాయింట్లు సాధించినది. చైనాకు చెందిన లే టింగ్జీ, టర్కీకి చెందిన ఎకటెరినా అటాలిక్ కూడ సరిగా 9 పాయింట్ల వద్దనే నిలిచారు. అందరూ అందరితో ఆడని స్విస్ పద్ధతి అది. కనుక సహాయక గణనతో ఇద్దరిని ఏరి, వారి మధ్య మరల ఆటలు పెట్టారు. హంపి ఆ పోరులో గెలిచి విజేత అయినది. అటాలిక్‌కు ఆ ఆట ఆడే అవకాశమే రాలేదు. సమానమైన పాయింట్లు సంపాదించిన క్రీడాకారిణి కేవలము ఒక లెక్క వలన పక్కకు తప్పుకొనవలసి వచ్చినది. ఆ లెక్క ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహింపవచ్చును. (2024లో న్యూయార్కులో హంపి 8.5 పాయింట్లతో ఒంటరిగా అగ్రస్థానము పొంది ఈ తగవునకు తావే లేకుండ చేసినది.)

ఇక మన డెల్టాకు వద్దాము. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నము, తెనాలి జట్లు ఒకదానితో ఒకటి ఒక్కొక్క ఆట ఆడినవనుకొందాము. విజయవాడ జట్టు గుడివాడను, మచిలీపట్నమును గెలిచినది. గుడివాడ జట్టు మచిలీపట్నమును, తెనాలిని గెలిచినది. మచిలీపట్నము తెనాలిని గెలువగా, తెనాలి ఏకంగా విజయవాడనే ఓడించినది. పై క్రమములో గెలుపులు 2, 2, 1, 1. పైన ఇద్దరు సమానము, క్రింద ఇద్దరు సమానము.

ఇప్పుడు ప్రతి జట్టునకు, అది ఓడించిన జట్ల గెలుపులను కూడి ఇద్దాము. విజయవాడకు 2+1, అనగా 3. గుడివాడకు 1+1, అనగా 2. మచిలీపట్నమునకు 1, తెనాలికి 2. చదరంగములో సోన్నెబోర్న్-బెర్గర్ అని పిలిచే లెక్క, డ్రాలు లేనప్పుడు, సరిగా ఇదే. అయితే ఇక్కడనే ఆగుట ఎందుకు? ఓడించినవారి బలము కూడ వారు ఎవరిని ఓడించారన్న దానిపైననే ఆధారపడును గదా! కనుక అదే కూడికను మరల చేయగా 3, 3, 2, 3 వచ్చును. ముగ్గురు సమానమై చిక్కు పెరిగినట్లే తోచును. అధైర్యపడరాదు. ఎనిమిదవ వరుసకు అవి 21, 17, 9, 13 అగును. ఇంకను సాగించినచో, మొత్తము నూరుగా తీసికొన్నప్పుడు, సుమారు 32, 28, 17, 23 వద్ద స్థిరపడును.

మనము చేసినదంతయు ఒక్క మాత్రికతో మాటిమాటికి గుణించుటయే. నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు గీసి, గెలిచిన చోట 1, తక్కిన చోట్ల 0 వేసినచో ఆ మాత్రిక సిద్ధము. ఏ సదిశను ఈ మాత్రికతో గుణించినను దిశ మారక పొడవు మాత్రమే మారునో, అదియే మనకు కావలసిన విలువల పట్టిక. తరగతిలో దానినే ఐగెన్ వెక్టర్ అంటున్నాము. మన ఉదాహరణలో అది ప్రతి గుణకారమునకు దాదాపు 1.395 రెట్లు సాగును. బలవంతుని ఓడించినవాడు బలవంతుడు, మరి ఆ బలవంతుడెవరు? గిరగిర తిరిగే ఈ ప్రశ్నకు ఇట్లు ఒక నిలకడ దొరకినది.

ఈ ఆలోచనకు మూలము చదరంగమే. జర్మనీ దేశస్థుడు ఎడ్మండ్ లాండౌ 1895లో పోటీ ఫలితాల విలువను గూర్చి వ్యాసము ప్రకటించినాడు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏండ్లు, అనగా మన ఇంటర్మీడియట్ దాటిన విద్యార్థి వయస్సు! తరువాత 1907లో పెర్రాన్, 1912లో ఫ్రోబేనియస్ నిరూపించిన సిద్ధాంతము దీనికి పునాది అయినది. ప్రతి జట్టు నుండి ప్రతి ఇతర జట్టునకు గెలుపుల గొలుసు ఉన్నచో, అన్ని విలువలును ధనాత్మకమైన అటువంటి సదిశ, కొలత మాట అటుంచితే, ఒక్కటే ఉండును. ఆ గొలుసు లేనిచో చిక్కే. ఒక్క ఆటయు గెలువని జట్టు విలువ సున్న, దానిని ఓడించినందుకు దక్కేదియు సున్నయే.

మరొక పేచీ కూడ కలదు. మన ఉదాహరణలో మచిలీపట్నము తెనాలిని స్వయముగా ఓడించినది. అయినను తెనాలి పైన నిలిచినది. విజయవాడపై సాధించిన ఒక్క గెలుపు మహిమ అది. మచిలీపట్నము వారు దీనిని ఒప్పుకొందురా? మేము వారి స్థానములో ఉంటే ఒప్పుకొనము! ఈ పద్ధతి ఓటములను లెక్కింపదు. అందువలననే వేరు మార్గములు వచ్చినవి. కెన్నెత్ మాస్సీ 1997లో డిగ్రీ విద్యార్థిగానే, పాయింట్ల తేడాలను కనిష్ఠ వర్గముల పద్ధతిలో సాధించే సమీకరణములు రూపొందించినాడు. వెస్లీ కాలీ పద్ధతి జట్లన్నిటిని సగము విలువతో ఆరంభించి, ఓటములను కూడ లెక్కకు తెచ్చును. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ ఎంపికలలో అది 2013 వరకు వాడుకలో ఉండినది.

ఏ పద్ధతి ఉత్తమమన్నది మా దృష్టిలో రెండవ ప్రశ్న. ఆటలు ముగిసి, ఎవరెక్కడ నిలిచారో తెలిసిన పిమ్మట పద్ధతిని వెదకుట మాత్రము గణితము కాదు. కళాశాల సంఘము వారు వచ్చే సంవత్సరపు పోటీలకు ఏదో ఒక నియమమును మొదటి బంతి పడకముందే బోర్డు మీద ప్రకటింపవలెనని మా విన్నపము. లెక్క చేయుటకు మా గణిత విద్యార్థులు సిద్ధముగా ఉన్నారు. నాలుగు జట్లకు ఒక తెల్లకాగితము చాలును. ఎనిమిది జట్లయినచో కొంచెము ఓపిక కావలెను.