కొండ లెక్కుటయు దిగుటయు

వేలూరు పట్టణమున నిలిచి తూర్పుదిక్కు చూచినచో కొండల వరుస కానవచ్చును. వానిపై పాడుపడిన దుర్గములు నేటికిని కలవు. 1677వ సంవత్సరమున శివాజీ సైన్యము వేలూరు కోటను ముట్టడించినప్పుడు, ఇచ్చటి కొండలపై సాజరా, గోజరా అను దుర్గములను కట్టి, క్రిందనున్న కోటను సాధింప యత్నించెను. ఇక గుడియాత్తమునకు వాయవ్యమున పలమనేరు కనుమలు గోడవలె నిలిచియున్నవి. ఇన్ని కొండల నడుమ పెరుగుచున్నను, మన బిడ్డలలో పలువురికి కొండ యనగా కిటికీలోనుండి చూచు చిత్రము మాత్రమే.

బిడ్డ కొండ కెక్కెదనన్నచో “పడిపోయిన నేమి గతి?” యని తల్లి భయపడును. “చదువు చెడునేమో” యని తండ్రి శంకించును. ఈ రెండును ప్రేమవలన పుట్టిన మాటలే. అయినను ఇంట చెప్పక, చేత నీరైన లేక, మధ్యాహ్నపుటెండలో స్నేహితులతో కొండకు పోవు బాలునికంటె, పద్ధతి నేర్చి పెద్దలతో పోవు బాలునికి అపాయము తక్కువ. కావున వలదనుటకంటె నేర్పుట మేలు. ఒకే దినమున పలు శిఖరముల నెక్కి దిగు పరుగును గూర్చి ఈ వ్యాసమున కొంత వివరింతును.

ఇట్టి పరుగునకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఇంగ్లండు దేశమందలి కెస్విక్ పట్టణమున జరిగినది. అచ్చట యాత్రికులకు బస నొసగు ఇల్లు నడుపుచుండిన బాబ్ గ్రాహమ్ అను నాతడు 1932 జూన్ నెలలో పట్టణ మధ్యమునుండి బయలుదేరి, చుట్టునున్న 42 శిఖరములను ఎక్కి దిగి, 23 గంటల 39 నిమిషములలో బయలుదేరిన చోటికే తిరిగివచ్చెను. దూరము సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తులన్నియు కూడినచో సుమారు 8,200 మీటర్లు. 1960 వరకు ఆ కార్యమును మరల సాధించినవారు లేరు. ఇందు గమనింపదగినవి రెండు కలవు. మొదటిది, ఆ పరుగు శిఖరముపై ముగియలేదు, ఊరిలో ముగిసినది. రెండవది, ఆయన ఒంటరిగా పోలేదు. దారి నెరిగిన మిత్రులు వెంట నడచిరి. తరువాత ఆయన పేర ఏర్పడిన సంఘము ప్రతి శిఖరమునను ఒక తోడు సాక్షిగా ఉండవలెనని నియమము చేసినది.

పలు శిఖరముల సాధనలో మన తెలుగువాని పేరును లోకమున నిలిచినది. నెల్లూరు జిల్లాలోని గాంధీ జనసంగమను పల్లెలో 1974లో జన్మించిన మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండముల ఎత్తయిన శిఖరములను 2006వ సంవత్సరమున 172 దినములలో ఎక్కెను. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్, ఫిబ్రవరి 17న అకంకాగ్వా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న కోషియుస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలి. ఈ ఏడు దినములును వారములోని ఏడు వేరు వేరు వారములు. పిల్లలు పంచాంగము చూచి సరిచూచుకొనవచ్చును. చివరి శిఖర మెక్కిన జూలై 10వ తేదీ, వేలూరు కోటలో 1806లో సిపాయిలు తిరుగబడిన దినమునకు సరిగా 200 సంవత్సరములు నిండిన రోజగుట మన ఊరివారికి విశేషము.

అట్టి ధీరుడు 2015వ సంవత్సరమున ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు మరల రాలేదు. ఆయనను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. అంతటి అనుభవశాలికిని కొండ కొండయేయని మనము తెలిసికొనవలెను. శిఖరము చేరుట సగము పని. క్షేమముగా ఇల్లు చేరుట తక్కిన సగము. మూడు కొండల నెక్కువాడు మూడుసార్లు దిగవలెను గదా!

దిగుట సులభమని పిల్లలు తలతురు. దేహధర్మము వేరుగా నున్నది. ఎక్కునప్పుడు గుండెకును ఊపిరికిని శ్రమ యెక్కువ. దిగునప్పుడు తొడల ముందరి కండరములు సాగుచునే దేహభారమును ఆపవలసియుండును. అందుచే అవి త్వరగా అలసి, మరుసటి రెండు దినములును నొప్పిపెట్టును. అలసిన కాలు రాతిపై తడబడును. కావున దిగునప్పుడు అడుగు చిన్నదిగా వేయుట, మోకాలు కొంచెము వంచియుంచుట, జారు ఇసుకపై పరుగెత్తకుండుట నేర్పవలెను. వారమున కొకసారి చిన్నగుట్ట దిగుట అభ్యసించినచో కండరములు అలవాటుపడి నొప్పి తగ్గును.

కాలమును ముందుగా లెక్కించుట రెండవ పాఠము. స్కాట్లండు వాడగు విలియమ్ నైస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను. నేటి కొలతలలో దానిని ఇట్లు వాడుదురు: ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడునకు మరియొక గంట. మూడు గుట్టలు ఒక్కొక్కటి 200 మీటర్ల ఎత్తనియు, దారి మొత్తము 9 కిలోమీటర్లనియు అనుకొందము. నడకకు 1 గంట 48 నిమిషములు, ఎక్కుడునకు 1 గంట. మొత్తము 2 గంటల 48 నిమిషములు. ఇందు విశ్రాంతి చేరలేదు. పిల్లలతో పోవువారు 4 గంటలు ఉంచుకొనుట మంచిది. ఉదయము 5.30కు బయలుదేరినచో 9.30కు ఇల్లు చేరవచ్చును. ఈ లెక్కను బిడ్డచేతనే చేయించవలెను. గణితమునకు ఇంతకంటె మంచి ఉపయోగ మేమి కలదు?

మూడవ పాఠము మన సీమకు సంబంధించినది. వేసవిలో వేలూరున ఎండ 40 డిగ్రీలు దాటును. రాళ్లు ఆ వేడిని నిలుపుకొనును. మార్గశిరమునుండి మాఘమువరకు కొండకు తగిన కాలము. నీరును, ఉప్పు వేసిన మజ్జిగయు వెంట నుండవలెను. బిడ్డ మాట తడబడినను, వాంతి చేసికొన్నను వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి, ఆలస్యము చేయక వైద్యుని కడకు కొనిపోవలెను. గుడియాత్తము వైపు అడవులు చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యమునకు చేరువ; ఏనుగులు సంచరించును. అటవీశాఖ అనుమతి లేక అచ్చటికి పోరాదు.

మొదట ఎచ్చట ఆరంభింపవలెనని అడుగువారికి శోలింగపురమును చూపెదను. అచ్చట యోగ నరసింహస్వామి వెలసిన పెద్దకొండకు 1,305 మెట్లు, ఆంజనేయస్వామి వెలసిన చిన్నకొండకు 406 మెట్లు. ఒకే దినమున రెంటిని సేవించు మన పెద్దలు పేరు పెట్టకయే రెండు శిఖరముల యాత్ర చేసినవారే. ఇప్పుడు పెద్దకొండకు తీగమార్గము వచ్చినది. అది వృద్ధులకు వరము. బిడ్డలు మాత్రము తాతగారి కాలపు మెట్లనే ఎక్కుదురు గాక. ఎక్కుచున్నప్పుడు గుట్ట, చరియ, కనుమ, కోన అను మాటలను చూపి చెప్పినచో, పుస్తకములో మాత్రమే కనబడు తెలుగుమాటకు కంటియెదుట రూపము కలుగును.

కొండలు మగపిల్లలకే యని తలపవలదు. నిజామాబాదు జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ భువనగిరి రాతికొండపై తొలి శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు నెక్కెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె ధైర్యము వెనుక శిక్షణయు, తోడును, పంపగల తలిదండ్రులును ఉండిరి.

తలిదండ్రులారా! మీ బిడ్డ మూడు కొండలలో రెండు ఎక్కి, మబ్బు కమ్మినదనియో, తోడివాని కాలు నొచ్చినదనియో మూడవదానిని విడిచి వచ్చినచో, “ఓడి వచ్చితివా?” యని అడుగకుడు. “సరిగా నిర్ణయించితివి” అని మెచ్చుకొనుడు. ఆ మెప్పు పొందిన బిడ్డ మరల కొండకు పోయినప్పుడు కూడ క్షేమముగా ఇల్లు చేరును. మూడవ కొండ ఎచ్చటికిని పోదు. వచ్చే మార్గశిరమువరకు అచ్చటనే యుండును.