సంగీతసభకు ముందు హాస్యగాడు

అమెరికాలో గొప్ప గాయకుల కచేరీలకు ముందు వేఱొక కళాకారుడు కొంతసేపు సభను రంజింపజేయు వాడుక కలదు. ఆ పని మిక్కిలి కష్టమైనది. ప్రేక్షకులు వచ్చినది అతని కొఱకు కాదు. అతడు మాటలాడుచుండగనే కొందఱు తమ ఆసనములను వెదకికొనుచుందురు. కొందఱు గాయకుడు రావలెనని కేకలు వేయుదురు. హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ ఈ కఠినమైన పాఠశాలలోనే తన విద్య నేర్చెను.

మార్టిన్ 1945లో టెక్సాస్ రాష్ట్రమందలి వేకో నగరమున జన్మించెను. అతని బాల్యము కాలిఫోర్నియాలో గడచెను. పదేండ్ల ప్రాయమున డిస్నీలాండులో మార్గదర్శక పుస్తకములు విక్రయించెను. పిదప అచ్చటి ఇంద్రజాల వస్తువుల అంగడిలో పనిచేయుచు గారడీ నేర్చెను. బాంజో అను తీగవాద్యమును సాధన చేసెను. యౌవనమున టెలివిజను కొఱకు హాస్యము వ్రాసి, 1969లో ఎమ్మీ బహుమానము పొందెను. అయినను ఆ కొలువును విడిచి వేదిక నెక్కెను.

‘నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్’ మొదలగు సంగీత బృందముల కచేరీలకు ముందు అతడు బాంజో వాయించుచు, గారడీ చేయుచు, వెఱ్ఱి చేష్టలతో నవ్వింప యత్నించెను. కొన్ని రాత్రులు సభ నవ్వలేదు. అతడు నిరాశ చెందలేదు. తన ప్రదర్శనములను టేపు రికార్డరులో పట్టి మరల వినుచుండెను. ఒక రాత్రి అద్భుతముగా ఆడుట అదృష్టవశమున జరుగవచ్చును. ప్రతిరాత్రియు, సభ యెట్టిదైనను, చక్కగా ఆడుటయే కష్టమని అతడు గ్రహించెను.

ఆ కాలముననే ఒకనాడు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున అతని ప్రదర్శనము ముగిసినను విద్యార్థులు కదలలేదు. అతడు వారిని వెంటబెట్టుకొని వెలుపలికి నడచెను. నీరులేని ఈతకొలనులో వారిని దింపి, వారి తలలపైగా ఈదినట్లు సాగిపోయెను. వారు తన కొఱకు నిలిచిన ప్రేక్షకులు!

తుదకు అతడు ఇతరుల కచేరీలకు ముందు ఆడుట మానెను. చిన్న శాలలోనైనను తనదే ప్రధాన ప్రదర్శనము కావలెనని నిశ్చయించెను. 1977లో వెలువడిన అతని హాస్య రికార్డుకు గ్రామీ బహుమానము లభించెను. వేలకొలది జనులు అతని సభలకు రాసాగిరి.

1981లో ఆ వృత్తిని విరమించి చలనచిత్రములలో నిలిచెను. 2007లో ప్రకటించిన ఆత్మకథలో, తాను పదేండ్లు నేర్చుటకును, నాలుగేండ్లు మెఱుగుపెట్టుటకును వెచ్చించితిననియు, విజయము మఱి నాలుగేండ్లు మాత్రమే నిలిచెననియు తెలిపెను. 2010లో అతని బాంజో సంగీతమునకు గ్రామీ లభించెను. ఒకప్పుడు సంగీతజ్ఞుల రాకకై సభను నిలిపియుంచినవాడు తానే సంగీతజ్ఞుల పంక్తిని చేరెను. ఎవరును వినని రాత్రులలో సాధించిన విద్య వ్యర్థము కాదు.