ముందు లెక్క, మష్వరా... ఆ తరువాత ఇస్తిఖారా

కిందటి రమజాన్‌కు ముందు ఒకరోజు, జుహర్ నమాజ్ అయిన తర్వాత, రామచంద్రపురం వైపు నుంచి వచ్చిన ఒక సోదరుడు మాతో మాట్లాడాలని మస్జిద్‌లోనే కూర్చున్నారు. ఆయనది చిన్న బట్టల దుకాణం. సరుకు రాజమండ్రి తాడితోటలో టోకున కొని తెచ్చుకుంటారు. “మౌలానా సాబ్! రెండో దుకాణం పెడదామనుకుంటున్నాను. మీరు ఇస్తిఖారా చేసి చెప్పండి” అన్నారు.

“భాయ్! ఇస్తిఖారా ఎవరి పని ఉంటే వారే చేసుకోవాలి. అది అలా ఉంచండి. మీకు బయటి నుంచి రావలసిన అరువు ఎంత? మీరు ఇవ్వవలసింది ఎంత?” అని అడిగాము. “అంతా నా తలలోనే ఉంది” అన్నారు. కానీ అంకె చెప్పలేకపోయారు.

ఇది ఆ ఒక్క సోదరుని పరిస్థితి కాదు. నమాజు, రోజాల పట్ల ఎంతో శ్రద్ధ వహించే మన వ్యాపారులు చాలామంది దుకాణం లెక్కను ధర్మానికి సంబంధం లేని విషయంగా భావిస్తున్నారు.

రాసుకోమన్నది అల్లాహ్ ఆజ్ఞ

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏ విషయం గురించి అవతరించిందో గమనించండి. అది బఖరా సూరాలోని 282వ ఆయత్. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు దాన్ని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదని అందులో అల్లాహ్ ఆదేశించాడు.

మన గోదావరి డెల్టాలో ఈ ఆదేశం అవసరం మరీ ఎక్కువ. ఇక్కడ రైతు చేతికి డబ్బు సార్వా, దాళ్వా కోతల తర్వాతే వస్తుంది. అంతవరకు కిరాణా, బట్టలు, చెప్పులు అన్నీ అరువు మీదే నడుస్తాయి. ‘పంట వస్తుందిలే’ అన్న ధీమా ప్రతిసారీ నిజం కాదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పారే కోనసీమలోనే 2011లో రైతులు గిట్టుబాటు కాక సార్వాకు పంట విరామం ప్రకటించారు. పంటే వేయని ఊళ్లో పంట మీద ఇచ్చిన అరువు ఎప్పటికి వసూలవుతుంది?

కనుక ఒక్కొక్క ఖాతాదారునికి ఒక్కొక్క పేజీ పెట్టండి. తేదీ, మొత్తం, గడువు రాసి సంతకం తీసుకోండి. ఆ పేజీ ఫోటో తీసి అదేరోజు వారి ఫోనుకు పంపండి. మొత్తం అరువుకు ఒక హద్దు నిర్ణయించుకుని, అది దాటితే ఎంత దగ్గరివారికైనా మర్యాదగా లేదని చెప్పండి. లెక్క రాసి ఉంటేనే నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవాడెవడో, ఎగవేసేవాడెవడో తెలుస్తుంది. ఇబ్బందుల్లో ఉన్నవానికి గడువు ఇవ్వమని అదే సూరా 280వ ఆయత్ బోధిస్తోంది.

మనం ఇవ్వవలసిన దాని విషయం మరింత తీవ్రమైనది. మూడు దీనార్ల అప్పు మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సఅసం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన బాధ్యత అన్న తర్వాతే చేయించారు (బుఖారీ). మనం ఈ రాత్రి కన్నుమూస్తే, ఎవరికెంత ఇవ్వాలో మన భార్యాబిడ్డలకు తెలుసా?

డైలీ ఫైనాన్స్ అసలు ధర

వడ్డీ హరామ్ అని అందరికీ తెలుసు. అయినా ‘చిన్న మొత్తమే కదా’ అని షైతాన్ నచ్చజెబుతాడు. ఒక ఉదాహరణ చూడండి. పదివేలు అని చెప్పి, ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ పోతుంది గనుక సగటున మనం వాడుకునేది సుమారు 4,500 రూపాయలే. దానికి వంద రోజుల్లో వెయ్యి రూపాయలు! ఏడాదికి లెక్కిస్తే నూటికి 80 దాటుతుంది. అంత లాభం ఏ చిన్న దుకాణంలో వస్తుంది?

పేరు మార్చినంత మాత్రాన వడ్డీ హలాల్ కాదు. ‘భాగస్తుడు’ లక్ష పెట్టి, లాభమొచ్చినా నష్టమొచ్చినా నెలకు రెండు వేలు పుచ్చుకుంటే అది వడ్డీయే. నిజమైన భాగస్వామ్యంలో లాభాన్ని వాటాల చొప్పున ముందే నిర్ణయించుకోవాలి, నష్టాన్ని పెట్టుబడి నిష్పత్తిలో భరించాలి.

మదీనాకు వట్టి చేతులతో వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, బజారు దారి చూపమన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగుతో వ్యాపారం ప్రారంభించారు. మెల్లగా పెరగడం నామోషీ కాదు.

ఏడాదికి ఒక లెక్క దినం

జకాత్ కోసం చాంద్రమానం ప్రకారం ఒక తేదీ నిర్ణయించుకోండి. ఆ రోజు అమ్మకపు సరుకు 3,00,000, నగదు 40,000, రావలసిన అరువు 60,000, టోకు వర్తకులకు ఇవ్వవలసింది 2,00,000 అనుకుందాం. మిగిలేది 2,00,000. దానిపై రెండున్నర శాతం చొప్పున జకాత్ 5,000. బీరువాలు, ఫ్యాన్లు ఇందులోకి రావు. పేదల హక్కు తీరడంతో పాటు, దుకాణం ముందుకు పోతోందో వెనక్కి పోతోందో కూడా ఈ ఒక్కరోజు చెబుతుంది.

నిర్ణయానికి క్రమం

మొదట లెక్క. తర్వాత తెలిసినవారితో, ముఖ్యంగా ఇంట్లోవారితో మష్వరా. ఆ తర్వాత రెండు రకాతులు నఫిల్ చదివి ఇస్తిఖారా దుఆ. కల కోసం ఎదురుచూడనక్కర లేదు. అది మేలు ఉన్నవైపు నడిపించమని అల్లాహ్‌ను వేడుకోవడం. పిదప దృఢ నిర్ణయం, తవక్కుల్. ఒంటెను కట్టిన తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (సఅసం) హితవు చెప్పారు కదా!

ఆ సోదరుడు ఆ రోజే నోటుపుస్తకం కొన్నారు. వారం తర్వాత అంకెలతో వచ్చారు. రావలసిన అరువు ఆయన అనుకున్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. రెండో దుకాణం ఇంకా పెట్టలేదు. కానీ డైలీ ఫైనాన్స్ వసూలుకు వచ్చే మనిషి ఆయన మెట్లెక్కడం మానేశాడు.

అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక, అందులో బర్కత్ ప్రసాదించుగాక, ఎవరికీ రుణపడకుండా తన సన్నిధికి చేరే భాగ్యం మనందరికీ కలిగించుగాక! ఆమీన్.