ఫ్రాన్సుదేశమున సీమకొక వంట

ఫ్రాన్సుదేశపు వంట యనగానే మనలో పలువురకు రాజుల విందులును, ప్యారిసు నగరపు గొప్ప హోటళ్లును స్ఫురించును. ఈ తలంపు కొంతవఱకు నిజమే. ఒగుస్త్ ఎస్కోఫియే (1846–1935) అను పాకశాస్త్రజ్ఞుడు 1903 సంవత్సరమున ఒక గొప్ప గ్రంథమును ప్రకటించి హోటళ్ల వంటకు క్రమము నేర్పరచెను. కాని యా దేశపు వంటకు వేళ్లు పల్లెలలోను, రేవులలోను, పేదల పొయ్యిలయొద్దను ఉన్నవి. నేల, లేమి, కాపుదల అను మూడు కారణములచే నది యెట్లు పెరిగెనో యిచట విచారింతము.

మొదటిది నేల. ఉత్తరతీరముననున్న నార్మండీ వానలుగల సీమ. పచ్చిక సమృద్ధిగా నుండుటచే అచట ఆవులను పెంచుదురు. వెన్న, మీగడ, కామెంబేర్ అను జున్నుగడ్డ అచటి సంపద. దక్షిణమున మధ్యధరాసముద్రతీరమందలి ప్రోవాన్సు ఎండలసీమ. అచటి వంట ఒలీవనూనెతోను, వెల్లుల్లితోను సాగును. నైరృతిదిక్కున గాస్కనీలో బాతుల కొవ్వే వంటకు ముఖ్యాధారము. ఒక్క దేశమున ఒకచోట వెన్న, ఒకచోట నూనె, ఒకచోట కొవ్వు! ఈ భేదమును కల్పించినవి వానయు, ఎండయు, మన్నును గాని వంటవాని యిచ్ఛ కాదు.

రెండవది లేమి. పడమటనున్న బ్రిటనీలోని సారము తక్కువైన నేలలలో గోధుమ చక్కగా పండదు. కావున అచటి రైతులు బక్‌వీట్ అను ధాన్యమును పండించి, ఆ పిండితో పలుచని అట్లు పోసికొనిరి. మార్సేల్స్ రేవున బెస్తలు, కొనువారు లేక మిగిలిన ముండ్లచేపలను పులుసుగా కాచుకొని త్రాగిరి. కుంకుమపువ్వు చేర్చి నేడు పెద్దవెలకు అమ్మబడు బుయ్యబేస్ అదియే. కాస్టెల్‌నోదారి పట్టణమున చిక్కుడుజాతి తెల్లగింజలను మాంసముతో మట్టిపాత్రలో నెమ్మదిగా ఉడికింతురు. ఆ పాత్ర పేరు కాసోల్, వంటకము పేరు కాసులే. ఆ గింజలును 1492 తరువాత అమెరికాఖండమునుండి వచ్చినవే. పరదేశపు విత్తనము సయితము ప్రేమతో వండినచో సొంతమగును.

మూడవది కాపుదల. రొక్‌ఫోర్ గ్రామమున గొఱ్ఱెపాల జున్నుగడ్డలను కొండగుహలలో నుంచుదురు. అచటి చల్లని తేమగాలిలో నీలిబూజు పెరిగి వానికి రుచి నిచ్చును. ఇతరులు తమ సరకునకు ఆ పేరు పెట్టి యమ్మినచో గ్రామస్థుల తరతరాల శ్రమ వ్యర్థమగును గదా! కావున 1925లో ఒక చట్టము ఆ పేరును రక్షించెను. ఆ కాలముననే కుర్నోన్‌స్కీ, మార్సెల్ రూఫ్ అను రచయితలు సీమలవారి వంటలను గుఱించి 1921 మొదలు పెక్కు సంపుటములు వెలువరించిరి. తుదకు 2010లో యునెస్కో సంస్థ ఫ్రెంచివారి విందుభోజనమును మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చెను.

విద్యార్థులారా! ముండ్లచేపల పులుసునకు బెస్తలును, నల్లగింజల యట్టునకు రైతులును సిగ్గుపడి వానిని విడిచియుండినచో ఈ గౌరవము కలిగెడిదా? అవ్వ చేతిలోని వంట వ్రాతకెక్కనియెడల ఆమెతోనే అంతరించును. కావున ఏ పేదయింటి వంటను గూడ మనము చులకనగా చూడరాదు. పెద్దలు జీవించియుండగనే అడిగి, నేర్చి, వ్రాసికొనవలెను.