రెండు దెబ్బల లెక్క

తాళమనగానే వేగమని కొందరు విద్యార్థులు భావింతురు. వేగము వేరు, లెక్క వేరు. మన మంగళగిరి గుంటమగ్గమును చూచినచో ఈ భేదము తేటపడును. నేతగాడు ఒక కాలితో త్రొక్కగా పడుగు విడివడి నాడె అటు పోవును. రెండవ కాలితో త్రొక్కగా ఇటు వచ్చును. చేతి జోరును బట్టి నేత వేగము హెచ్చవచ్చును, తగ్గవచ్చును. అటు, ఇటు అను రెండు మాత్రము మారవు. సంగీతమున రెండు దెబ్బల లెక్క యనగా నిదియే: ఒక బలమైన దెబ్బ, దానికి బదులుగా ఒక తేలికయైనది, మరల మొదటిది.

కర్ణాటక సంగీతమున దీనికి ద్రుతమని పేరు. అరచేత ఒక దెబ్బ, పిమ్మట చేయి త్రిప్పి ఒక విసురు. ఆదితాళములో నాలుగక్షరముల లఘువు తరువాత రెండు ద్రుతములు వచ్చి ఎనిమిది పూర్తియగును. ఖవ్వాలీలో తరచుగా వినబడు కహర్వాకు కూడ ఎనిమిది మాత్రలే. మొదటి మాత్రపై తాళీ, అయిదవదానిపై ఖాలీ. మన విసురునకు ఖాలీ దగ్గరి చుట్టమని నా అభిప్రాయము.

చిక్కు ఆరు వద్ద వచ్చును. దాద్రాకు ఆరు మాత్రలు; మూడేసి చొప్పున రెండు భాగములు. రూపకతాళమునకు కూడ ఆరే. కాని నేడు వాడుకలో రెండు దెబ్బలు, ఒక విసురుగా, రెండేసి అక్షరముల చొప్పున మూడు భాగములుగా వేయుదురు. మొత్తము ఒకటే, విరుపు వేరు. తబలాపై దాద్రా నడచుచుండగా బృందము రూపకమున చేతులు తట్టినచో పాట చీలిపోవును. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే వేదికపై పాడు మన వంటి కళాశాలలో ఇది చిన్న విషయము కాదు. "ఆరు లెక్కించండి" అని మాత్రము చెప్పి ఊరకుండు శిక్షణ సగము శిక్షణయే.

మంగళగిరి చెంతనున్న కాజ వాసియని ప్రసిద్ధి గల నారాయణతీర్థుల తరంగములకు కూచిపూడి నర్తకులు ఇత్తడి పళ్లెరపు అంచుపై నిలిచి ఆడుదురు. అక్కడ లెక్క పాదములలోనే ఉండవలెను.

అభ్యాసమునకు ఒకటి నుండి ఆరు వరకు సమవేగమున పలుకుడు. మొదట ఒకటి, నాలుగులపై చేయి తట్టుడు. అది దాద్రా విరుపు. పిమ్మట వేగము మార్చక ఒకటి, మూడులపై తట్టి, అయిదుపై విసురుడు, అది రూపకము. నోటి లెక్క తడబడకుండ ఒకదాని నుండి మరొకదానికి మారగలిగిన తరువాతనే పాటతో వేయుడు.