జోరీగ ఎండాకాలంలో ఎక్కడుంటుంది?

వానలు పడ్డాక, కాస్త ఎండ కాసిన పూట, చెరువు పక్కన మేసే ఆవును ఐదు నిమిషాలు గమనించండి. తోక కొరడాలా ఆడుతూనే వుంటుంది. కాలు నేలకేసి కొడుతుంది. మామూలు ఈగలకు ఇంత హడావుడి పడదు. అది జోరీగ పని. మండుటెండల్లో ఈ బాధ బాగా తగ్గుతుంది. మరి జోరీగలన్నీ ఎక్కడికి పోయినట్లు?

ఎక్కడికీ పోలేదు, బురదలో వున్నాయి!

ఆడ జోరీగ నీటిమీదికి వంగిన గడ్డిపోచల మీద గుత్తులుగా గుడ్లు పెడుతుంది. వాటినుంచి వచ్చిన లార్వాలు కిందపడి తడిమట్టిలో దూరి, నెలల తరబడి అక్కడే పెరుగుతాయి. అందుకే శేషాచలం రాతివాలుల మీద, నీరు నిలవని ఎర్రచందనపు చెట్లకింద, వాటికి బతుకు కష్టం. తలకోన వాగు పక్కనో, స్వర్ణముఖి ఒడ్డు చెరువుల్లోనో అయితే చోటే చోటు. తిరుపతి వైపు చెరువులు నిండడానికి అక్టోబరు-డిసెంబరు వానలే పెద్ద దిక్కు కదా!

ఆఫ్రికాలోని సెట్సీ ఈగ తీరు వేరు. అది గుడ్లు పెట్టదు, ఒక్కొక్క లార్వానే కని నీడపట్టున వదులుతుంది. ఎండలు ముదిరితే ఆ ఈగల్లో చాలా రకాలు ఆకులు రాలిన అడవిని వదిలి ఏటిగట్టు చెట్లలోకి చేరతాయి. మన దేశంలో ఆ ఈగ లేదు. కాని అది మోసే ట్రిపనోసోమా క్రిములకు దగ్గరి చుట్టం ఒకటి మన గొడ్లలో వుంది. దాన్ని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు, ఇప్పుడు పాకిస్తాన్‌లో వున్న డేరా ఇస్మాయిల్ ఖాన్ వద్ద, జబ్బుపడిన గుర్రాల, ఒంటెల నెత్తుటిలో చూశాడు. ఆ జబ్బు పేరు సర్రా.

సెట్సీ ఈగ ఒంట్లో క్రిమి రోజుల తరబడి పెరగాలి. జోరీగకు ఆ ఆలస్యం లేదు. కత్తిలాంటి మూతితో చర్మం కోసి నెత్తురు తాగుతుండగా తోకదెబ్బ తగులుతుంది. లేచి పక్క గొడ్డు మీద వాలుతుంది. మూతికంటిన తడి నెత్తురు ఆరేలోగా క్రిమి చేరిపోతుంది. తమాషా చూడండి, ఒక ఆవును కాపాడిన తోకే పక్కదానికి జబ్బు తగిలించవచ్చు!

గుర్రాలకు సర్రా ప్రాణాంతకం. 2000 జూలైలో ఒడిశాలోని నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో 12 పులులు దీనికే బలి అయ్యాయి. ఆవులు, ఎద్దులు మాత్రం చాలాసార్లు పైకి బాగానే వుండి క్రిమిని మోస్తుంటాయి.

మీరూ ఒక లెక్క కట్టవచ్చు. చెరువు దగ్గర ఒక ఆవును, మెట్టలో ఒక ఆవును ఎన్నుకోండి. నెలకు రెండుసార్లు, ఒకే వేళకు, ఐదు నిమిషాల్లో తోక ఎన్నిసార్లు ఊపిందో దూరంనుంచే లెక్కపెట్టి, వానపడిన రోజులతోపాటు రాసుకోండి. తోక ఎక్కువగా ఆడే నెలల్లో ఏ గొడ్డయినా మాటిమాటికి జ్వరంతో చిక్కిపోతుంటే ఇంట్లో చెప్పండి. పశువైద్యుడు ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద తీసి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. క్రిమి వుంటే ఎర్రకణాల మధ్య మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది.