మంచుదారిలో విద్యుత్ కారు

అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని కథ తెలుగు విద్యార్థులకు సుపరిచితం. అరుణాస్పదపురంలో నివసించే ఆ గృహస్థు, సిద్ధుడు ఇచ్చిన పాదలేపం పూసుకొని క్షణంలో హిమాలయం చేరాడు. మంచుకొండ అందాలను కన్నులపండువుగా చూశాడు. తీరా ఇంటికి మరలబోయేసరికి పాదలేపం మంచునీటికి కరిగిపోయింది. పోవడానికి ఉపకరించిన సాధనం రావడానికి ఉపకరించలేదు. సిద్ధుణ్ణి దేశదేశాల విశేషాలెన్నో అడిగిన ప్రవరుడు, ఆ లేపం మంచులో ఏమవుతుందని మాత్రం అడగలేదు. విద్యుత్ కారు కొనదలచిన శీతలదేశాల ప్రజలు నేడు మొట్టమొదట అడుగుతున్న ప్రశ్న సరిగ్గా అదే.

రామగుండం, గోదావరిఖని ప్రాంతాల ప్రజలు మంచును ఎరుగరు. వారు ఎరిగినది మే నెలలో 45 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండ. అయినప్పటికీ ఈ ప్రశ్న ఆ ఇళ్ళకు పరాయిది కాదు. 1990ల ఆరంభంలో సింగరేణి సంస్థలో లక్షకు పైగా కార్మికులు, ఉద్యోగులు ఉండేవారు. ఆ తర్వాతి దశాబ్దాలలో ఆ సంఖ్య సగానికన్న తక్కువకు పడిపోయింది. తండ్రి బొగ్గుబావిలో దిగి సంపాదించిన జీతంతో చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకై హైదరాబాదుకు, అక్కడినుండి చికాగోకు, మినియాపొలిస్‌కు, టొరంటోకు తరలిపోవడం ఈ ప్రాంతంలో సాధారణమైన విషయమయింది. అక్కడ విద్యుత్ కారు కొనాలనుకొనే కూతురో కొడుకో ఫోనులో ఆ మాట చెప్పినప్పుడు, "ఆ చలిలో బండి మధ్యలో ఆగిపోదా?" అని తండ్రి అడగడం సహజం. బ్యాటరీని నమ్ముకొని ఏళ్ళ తరబడి చీకటిలో నడిచినవాడు అడుగుతున్న ప్రశ్న అది.

భూగర్భ గనిలో పనిచేసే కార్మికుని టోపీకి దీపం ఉంటుంది. దానికి విద్యుత్తునందించే బ్యాటరీ నడుము పట్టీకి వేలాడుతుంది. చాలాకాలం ఇవి సీసం, ఆమ్లం నిండిన బరువైన బ్యాటరీలు. తర్వాత తేలికైన లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాయి. షిఫ్టు ముగిసి పైకి వచ్చిన కార్మికుడు దీపాన్ని ల్యాంపురూములో అప్పగిస్తాడు. అక్కడ అది ఛార్జింగుకు తగులుకొని ఉండి, మళ్ళీ బావిలో దిగేవేళకు నిండుగా సిద్ధమవుతుంది. దారిలో ఎక్కడ నింపుకోవాలన్న చింత కార్మికునికి లేదు. విశ్రాంతి తీసుకొనే చోటనే దీపానికి విద్యుత్తు అందుతుంది. ఈ సంగతిని గుర్తుంచుకుంటే మంచుదేశపు కారు సమస్య సగం అర్థమైనట్లే.

ఇక మిగిలిన సగం రసాయనశాస్త్రానికి చెందినది. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో విపణిలోకి వచ్చింది. దాని రూపకల్పనకు కారకులైన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యొషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాటరీలో ఒక ధ్రువం నుండి మరొక ధ్రువానికి లిథియం అయానులు ఒక ద్రవం గుండా ప్రయాణిస్తాయి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది. అయానుల నడక మందగిస్తుంది. అప్పుడు బ్యాటరీలో ఉన్న శక్తి అంతా చేతికి అందదు. ఛార్జింగ్ సమయంలో ఇబ్బంది మరింత ఎక్కువ. గడ్డకట్టే చలిలో వేగంగా ఛార్జి చేస్తే లిథియం ధ్రువంలోనికి ఇంకక, పైననే లోహపు పొరగా పేరుకొంటుంది. అది బ్యాటరీకి హాని. అందుచేత కారులోని నియంత్రణ వ్యవస్థ ముందుగా బ్యాటరీని వెచ్చబరచి, ఆ తర్వాతనే వేగంగా విద్యుత్తును స్వీకరిస్తుంది.

కాని అసలు నష్టం ఎక్కువగా వచ్చేది కారులో కూర్చున్న మనిషికోసమే. పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో అధికభాగాన్ని వేడిగా వృథా చేస్తుంది. చలికాలంలో ఆ వృథా వేడినే కారు లోపలికి మళ్ళిస్తారు. విద్యుత్ మోటారు పొదుపరి. దానికి వృథా వేడి అంతగా ఉండదు. కావున లోపలి వెచ్చదనాన్ని కూడా బ్యాటరీయే సమకూర్చాలి. అమెరికాలోని మోటారువాహనదారుల సంఘం ఏఏఏ 2019లో అయిదు కార్లను పరీక్షించింది. సుమారు మైనస్ 7 డిగ్రీల చలిలో, హీటరు వాడకుండా నడిపితే ఒక్క ఛార్జికి సాగే దూరం సగటున 12 శాతం తగ్గింది. హీటరు వాడితే 41 శాతం తగ్గింది. మన లెక్కలో చెప్పుకొంటే, నాలుగు వందల కిలోమీటర్లు నడిచే కారు అప్పుడు 236 కిలోమీటర్లు మాత్రమే నడుస్తుంది. అంటే గోదావరిఖనిలో బయలుదేరి హైదరాబాదు చేరి, తిరుగుదారిలో చాలాదూరం రాగల బండి, హైదరాబాదు చేరడంతోనే చాలించుకొంటుందన్నమాట. ఇటీవలి కార్లలో హీట్ పంపు అనే సాధనం వచ్చింది. అది బయటి గాలిలోని కొద్దిపాటి వేడిని సైతం లోపలికి తోడి, ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది.

ఈ అంకెలు చూసి వెనుదీయవలసిన దేశం ఏదైనా ఉంటే అది నార్వే కావాలి. ఆ దేశంలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్ కార్లే. 2025లో ఆ వాటా 95 శాతం దాటింది. ప్రభుత్వం దశాబ్దాలపాటు పన్నులలో ఇచ్చిన రాయితీలు ఇందుకు ముఖ్యకారణం. అంతకు తక్కువ కానిది ఇంటిముంగిట ప్లగ్గు. తెల్లవారుజామున కారు ఇంకా ఇంటి తీగకు తగిలి ఉండగానే హీటరు వేస్తే, ఆ వేడికి కావలసిన విద్యుత్తు ఇంటినుండి వస్తుంది గాని బ్యాటరీ నుండి కాదు. గనిలోని ల్యాంపురూము పద్ధతి ఇదే. ఆ మాటకు వస్తే కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్ వంటి నగరాలలో పెట్రోలు కార్లను సైతం శీతకాలపు రాత్రులలో తీగకు తగిలిస్తారు. ఇంజను వెచ్చగా లేకపోతే ఉదయం అదీ కదలదు. చలికి మొరాయించడం విద్యుత్ కారు ఒక్కదాని దోషంగా చెప్పడం న్యాయం కాదు.

ప్లగ్గు లేనివారి పరిస్థితి వేరు. 2024 జనవరిలో చికాగో నగరాన్ని తీవ్రమైన చలిగాలులు చుట్టుముట్టాయి. ఛార్జింగ్ కేంద్రాల ముందు కార్లు గంటలకొద్దీ బారులు తీరాయి. వెచ్చబడని బ్యాటరీలు విద్యుత్తును స్వీకరించలేదు. కొన్ని కార్లు అక్కడే ఆగిపోగా, వాటిని వేరే బండ్లతో లాగించవలసి వచ్చింది. ఇంట వసతి లేక బహిరంగ కేంద్రాలపైనే ఆధారపడినవారికి ఆ రోజులు ప్రవరుని అవస్థను తెచ్చిపెట్టాయి. కాబట్టి గోదావరిఖనిలోని తండ్రి అడగవలసినది చలిని గురించి కాదు, "నీవుండే చోట రాత్రి బండిని తగిలించడానికి ప్లగ్గు ఉందా?" అని అడగాలి.

మంచుదారిలో విద్యుత్ వాహనాన్ని నడిపించిన అనుభవం తెలుగునాటి సంస్థకూ ఉంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్, నేటి ఒలెక్ట్రా గ్రీన్‌టెక్, 2017లో హిమాచల్ ప్రదేశ్ రవాణాసంస్థకు విద్యుత్ బస్సులను సమకూర్చింది. అవి మనాలి నుండి పదమూడు వేల అడుగుల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమకు నడిచాయి. వాహనాల పొగమసి మంచుపై పడితే అది ఎండను పీల్చుకొని త్వరగా కరిగిపోతుంది. ఆ కారణంగా జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడికి వెళ్ళే వాహనాల సంఖ్యపై ఆంక్షలు విధించింది. మసి అంటే ఏమిటో బొగ్గుగని పట్టణాలవారికి ఒకరు చెప్పనవసరం లేదు. అయితే నిండు శీతకాలంలో మంచు పేరుకొని ఆ కనుమే మూతపడుతుంది. అందువల్ల అక్కడి బస్సులు చలికాలాన్ని పూర్తిగా జయించాయని చెప్పుకోవడం అతిశయోక్తి అవుతుంది.

ఇక ఎండ సంగతి. చలి చేసే నష్టం తాత్కాలికం; వెచ్చబడితే పోయిన శక్తి తిరిగివస్తుంది. ఎండ చేసే నష్టం కంటికి కనబడదు, తిరిగి రాదు. అమెరికాలోని అరిజోనా ఎడారి నగరం ఫీనిక్స్‌లో 2012 నాటికి నిస్సాన్ లీఫ్ కార్ల యజమానులు కొందరు, కొన్న ఏడాది, రెండేళ్ళకే బ్యాటరీ సామర్థ్యం గణనీయంగా తగ్గిందని గమనించారు. ఆ కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరచే ఏర్పాటు లేదు. గోదావరిఖని ఎండలో రోజంతా నిలిపి ఉంచే కారుకు ఈ హెచ్చరిక మంచుకన్న దగ్గరిది. భారతదేశంలో విరివిగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ వేడికి ఎక్కువగా తాళుకొంటుంది. చలికి మాత్రం ఎక్కువగా బిగుసుకుపోతుంది. ఒక ఊరికి మేలైన కారు మరొక ఊరికి మేలు కాకపోవచ్చు.

2024 సెప్టెంబరులో కరీంనగర్ నుండి హైదరాబాదుకు ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. ఆ బస్సు వెళ్ళిన వీధిలో పొగ లేదు. కాని దానిని నడిపే విద్యుత్తులో కొంత బొగ్గునుండే పుడుతుంది. రామగుండం ఎన్టీపీసీ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో పనిచేయడం ప్రారంభించింది. దాని సామర్థ్యం క్రమంగా 2600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే తెలంగాణ సూపర్ థర్మల్ ప్రాజెక్టు పేర 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. నార్వే కారుకు కొండవాగుల నీరు విద్యుత్తునిస్తే, ఇక్కడి బస్సుకు ఇప్పటికీ అధికభాగం బొగ్గే ఇస్తున్నది. హైదరాబాదులో తగ్గిన పొగలో కొంత రామగుండం ఆకాశంలో తేలుతుంది. ఆ పొగను పీల్చేవారూ, ఆ బొగ్గుతో బ్రతికేవారూ ఒకే ఊరివారు కావడమే ఇక్కడి చిక్కు.

ఆ చిమ్నీల చెంతనే ఎన్టీపీసీ జలాశయంపై 2022 జూలైలో 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం పూర్తిగా పనిలోకి వచ్చింది. సుమారు 500 ఎకరాలలో అది విస్తరించి ఉంది. వేడి పెరిగితే సౌరఫలకం ఇచ్చే విద్యుత్తు తగ్గుతుంది. అందుకని ఆ ఫలకాలను నీటిమీద పరిచారు. కింది నీరు వాటిని చల్లబరుస్తుంది, పైని ఫలకాలు ఆ నీటిని ఆవిరి కాకుండా కాపాడతాయి.